తూటా గొట్టానికి ఇత్తడి ఎందుకు?

తెనాలికి దక్షిణంగా, కృష్ణ పశ్చిమ డెల్టాలో ఉన్న అమృతలూరు వంటి గ్రామాలలో ఇత్తడిని ఎరుగని ఇల్లు ఉండదు. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చి వాడకం తగ్గినా, నీళ్ల బిందె, చెంబు, గంగాళం, దీపపు కుందె వంటివి ఇంకా అటకల మీదనో పూజగదులలోనో కనబడుతూనే ఉంటాయి. ఈ సామానులో కొన్నిటికి ఒక వింత జబ్బు వస్తుంది. ఎవరూ కింద పడవేయరు, దెబ్బా తగలదు. అయినా మెడ దగ్గరనో అంచు దగ్గరనో వెంట్రుకవంటి సన్నని చీలిక ఏర్పడుతుంది. నీరు కారడం మొదలుపెట్టిన తరువాతగాని ఆ సంగతి బయటపడదు.

ఇదే జబ్బు నూరు సంవత్సరాలకు పూర్వం మన దేశంలోని బ్రిటిషు సైన్యపు తూటాలకు వచ్చింది. బిందె చీలితే నీరు పోతుంది. తూటా గొట్టం చీలితే వేడి వాయువులు వెనుకకు చిమ్మి, తుపాకి పట్టినవాని కంటికే ముప్పు కలుగవచ్చు. కాబట్టి ఈ జబ్బు నిదానాన్ని శాస్త్రజ్ఞులు తూటాలలోనే ముందుగా వెదికారు. ఒకసారి కాల్చిన గొట్టాన్ని మళ్లీ వాడదలచినవారు దానిని ఎట్లా ఎంచుతారు, ఎట్లా సిద్ధపరుస్తారు అన్న విషయం తెలిస్తే ఇత్తడి స్వభావం మొత్తం బోధపడుతుంది.

గొట్టం చేసే పని

రైఫిలు తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ముందు వైపున గుండు, లోపల మందు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న క్యాపు, ఈ మూడింటిని పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పైకి చూస్తే గొట్టం ఒక డబ్బా మాత్రమే అనిపిస్తుంది. నిజానికి అది ఒక యంత్రభాగం.

మందు అంటుకోగానే, సెకనులో వెయ్యవ వంతు కంటె తక్కువ కాలంలో, తుపాకి అరలో పీడనం విపరీతంగా పెరుగుతుంది. చాలకాలం మన సైన్యమూ పోలీసులూ వాడిన .303 రైఫిలులో ఇది 3,000 వాతావరణ పీడనాలకు మించిపోతుంది. ఆ క్షణంలో గొట్టం గోడ ఉబ్బి ఉక్కు అరకు అంటుకొని, వాయువు వెనుకకు రాకుండా బిరడా వలె పనిచేయాలి. గుండు వెడలిపోయి పీడనం పడిపోగానే అదే గోడ కొద్దిగా వెనుకకు ముడుచుకోవాలి. లేకపోతే గొట్టం అరలో ఇరుక్కుపోయి బయటకు రాదు. ఉబ్బడానికి మెత్తదనం, ముడుచుకోవడానికి స్థితిస్థాపకత, రెండూ ఒకే లోహంలో కావాలి.

రాగి బాగా సాగుతుంది కాని తగినంతగా వెనుకకు రాదు. ఉక్కు బలమైనదే, కాని తుప్పుపడుతుంది, లోతుగా లాగి గొట్టంగా మలచడం కష్టం. రెండవ ప్రపంచ యుద్ధంలో రాగి కొరతవల్ల జర్మనీ ఉక్కు గొట్టాలను వాడింది. అది అవసరం తెచ్చిపెట్టిన మార్గం. రాగి 70 పాళ్లు, తుత్తునాగం 30 పాళ్లు కలిపిన ఇత్తడి ఈ పనికి ఎంతో అనుకూలమైనదని తేలింది. దానికి లోహశాస్త్రంలో ‘తూటా ఇత్తడి’ అనే పేరే స్థిరపడిపోయింది. తుత్తునాగం సుమారు 38 పాళ్లు దాటితే మరొక రకమైన స్ఫటిక నిర్మాణం చేరి, చల్లగా ఉన్నప్పుడు సాగే గుణం తగ్గిపోతుంది. అందుచేత ఈ పాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం.

బిళ్ల నుండి గొట్టం దాకా

కర్మాగారంలో మొదట రేకు నుండి గుండ్రని బిళ్లను కోస్తారు. దానిని అచ్చులో నొక్కి గిన్నెగా చేస్తారు. గిన్నెను మరింత సన్నని అచ్చులలోనుండి వరుసగా లాగి పొడుగాటి గొట్టంగా మారుస్తారు. ఒక్కొక్కసారి లాగినప్పుడల్లా ఇత్తడి గట్టిపడుతుంది. అట్లాగే లాగుతూ పోతే చిరిగిపోతుంది. కాబట్టి మధ్యమధ్య కొలిమిలో కాల్చి మెత్తబరచవలసి ఉంటుంది.

జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకుమీద బొమ్మలు తీర్చే కళాకారులు కూడ ఈ సూత్రాన్నే వాడుతారు. సుత్తి దెబ్బలకు రేకు బిగుసుకుపోతే దానిని నిప్పులో కాల్చి మెత్తబరచుకొని మళ్లీ పని మొదలుపెడతారు. కర్మాగారంలో ఉష్ణోగ్రతను కొలుస్తారు, కొలిమి దగ్గర కంటితో రంగును చూస్తారు. జరిగే మార్పు మాత్రం ఒకటే.

ఆ మార్పు ఏమిటి? లోహంలో పరమాణువులు వరుసలు తీరి, చిన్న చిన్న స్ఫటిక రేణువులుగా ఉంటాయి. లోహం సాగినప్పుడు ఈ వరుసలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. అయితే వరుస మొత్తం ఒక్కసారే జారదు. పెద్ద చాపను నేలమీద జరపాలంటే మొత్తాన్ని లాగడం కష్టం. ఒక చివర ముడత వేసి, ఆ ముడతను రెండవ చివరకు తోసుకుంటూ పోతే చాప సులభంగా జరుగుతుంది. స్ఫటికంలో కూడ ఇటువంటి ‘ముడతలు’ కదలడం వల్లనే లోహం సాగుతుంది. వీటికి స్థానభ్రంశాలు అని పేరు. లోహాన్ని కొట్టిన కొద్దీ, లాగిన కొద్దీ స్థానభ్రంశాల సంఖ్య పెరిగి, చిక్కుపడిన నూలు వలె ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తుంది. అప్పుడు లోహం గట్టిపడుతుంది. గట్టిగా సాగదీసిన తూటా ఇత్తడి, మెత్తబరచిన ఇత్తడికంటె మూడు నాలుగు రెట్ల బలాన్ని లొంగకుండా ఆపగలదు. కాని అంతకు మించి సాగమంటే విరుగుతుంది.

వేడి తగిలినప్పుడు పరమాణువులకు కదిలే శక్తి వస్తుంది. బాగా సాగదీసిన ఇత్తడిలో సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనుండి పాత రేణువుల స్థానంలో చిక్కులు లేని కొత్త రేణువులు పుట్టడం ఆరంభమవుతుంది. పూర్తిగా మెత్తబరచడానికి 425 మొదలు 750 డిగ్రీల వరకు అవసరాన్నిబట్టి వాడుతారు. పాఠ్యగ్రంథాలలో దీనికి మందశీతలీకరణం అని పేరు. ఉక్కు విషయంలో ఆ పేరు సరిగా సరిపోతుంది. ఇత్తడికి మాత్రం మెల్లగా చల్లార్చవలసిన పని లేదు. నీటిలో ముంచినా అది మెత్తగానే ఉంటుంది. వేడి మితిమీరితే రేణువులు మరీ పెద్దవై, వంచినచోట లోహపు తలం నారింజ తొక్కవలె గరుకు తేలుతుంది, బలమూ పోతుంది.

పూర్తయిన తూటా గొట్టం అంతటా ఒకే గట్టితనంతో ఉండదు. అడుగు భాగం గట్టిగా ఉండాలి, లేకపోతే పీడనానికి క్యాపు గుంట వదులైపోతుంది. గుండును పట్టుకొనే మెడ మెత్తగా ఉండాలి, లేకపోతే చీలుతుంది. అందుకని చివరలో మెడను మాత్రమే కాలుస్తారు. సైనిక తూటాల మెడమీద కనబడే నీలి గోధుమ ఛాయ ఆ కాల్పు గుర్తే. అది మురికీ కాదు, లోపమూ కాదు.

మళ్లీ పనికివచ్చే గొట్టం ఏది?

తూటాలో ఎక్కువ ఖరీదైన భాగం ఇత్తడి గొట్టమే. గుండు పోతుంది, మందు కాలిపోతుంది, గొట్టం మిగులుతుంది. అందుచేత చట్టం అనుమతించే దేశాలలో గురి పోటీలలో పాల్గొనేవారు అదే గొట్టాన్ని పలుమార్లు వాడుతారు. ఇందులో మొదటి పని ఏరుకోవడం.

అన్ని గొట్టాలూ దీనికి పనికిరావు. మన ఎన్.సి.సి. విద్యార్థులు అభ్యాసానికి వాడే .22 తూటాలో నిప్పు పుట్టించే పదార్థం అడుగు అంచు మడతలోనే ఉంటుంది. కొట్టగానే ఆ అంచు నలిగిపోతుంది. కనుక దానిని తిరిగి వాడడం సాధ్యం కాదు. పెద్ద తూటాలలో క్యాపు విడిగా ఉంటుంది. అందులో రెండు పద్ధతులు ఉన్నాయి. బ్రిటిషు సైనికాధికారి బాక్సర్ పేర ఉన్న పద్ధతిలో క్యాపు గుంట మధ్య ఒకే రంధ్రం ఉంటుంది. పాత క్యాపును దానిగుండా సులభంగా తోసివేయవచ్చు. అమెరికా దేశీయుడు బెర్డాన్ పేర ఉన్న పద్ధతిలో గుంట మధ్య ఒక చిన్న మేకువంటి దిమ్మ, పక్కన రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. దీనిలో క్యాపు తీయడం కష్టం. రెండు పద్ధతులూ 1860లలోనే పుట్టాయి. చిత్రమేమంటే, బ్రిటిషువాని పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాని పద్ధతి ఐరోపా సైన్యాలలో వ్యాపించింది.

తరువాత ఒకే కర్మాగారపు ముద్ర ఉన్న గొట్టాలను ఒకచోట చేరుస్తారు. తయారీ మారితే గోడ మందమూ, లోపలి ఖాళీ పరిమాణమూ మారుతాయి. ఖాళీ తగ్గితే అదే మందు ఎక్కువ పీడనాన్ని పుట్టిస్తుంది.

ఆపైన పరీక్ష. మెడమీద నిలువు చీలిక ఉన్నదేమో మంచి వెలుతురులో చూస్తారు. అడుగుకు కొద్దిగా పైన మెరిసే ఉంగరంవంటి గీత ఉంటే అది మరింత ప్రమాద సూచన. అక్కడ గోడ లోపలినుండి పలచబడుతున్నదన్నమాట. కొన వంచిన సన్నని తీగను లోపలికి పోనిచ్చి గోడవెంట జరిపితే గుంట చేతికి తగులుతుంది. .303 తూటాకు ఈ లోపం బాగా ఎరుకైనది. దానిని అరలో నిలిపేది అడుగు అంచు. భుజం దగ్గర అర కొంత విశాలంగా ఉండడంవల్ల కాల్చినప్పుడల్లా గొట్టం ముందుకు సాగి, చివరకు అడుగు వేరు, ఒళ్లు వేరు కావచ్చు. క్యాపు గుంట వదులైనా, ఒంటిమీద లోతైన గాట్లు లేక తుప్పువంటి మచ్చలు ఉన్నా ఆ గొట్టాన్ని పక్కకు పెట్టవలసిందే.

నిలిచిన గొట్టాలను సబ్బునీటితోగాని, పలుచని సిట్రిక్ ఆమ్లంతోగాని కడిగి ఆరబెడతారు. అమోనియా కలిసిన పాలిష్ ద్రవాలను దగ్గరకు రానీయరు. తరువాత ఉబ్బిన గొట్టాన్ని ఉక్కు అచ్చులో నొక్కి మొదటి కొలతకు తెస్తారు. సాగి పొడుగైన మెడను కత్తిరిస్తారు. .303 గొట్టపు నిర్ణీత పొడవు సుమారు 56.4 మిల్లీమీటర్లు. అంతకు మించితే మెడ అరలో ఒత్తుకొని గుండును బిగించి, పీడనాన్ని పెంచుతుంది.

కాల్చినప్పుడు ఉబ్బడం, అచ్చులో నొక్కుకుపోవడం, ఈ రెండూ మెడను మళ్లీ గట్టిపరుస్తాయి. కొన్ని పర్యాయాల తరువాత మెడను మాత్రం క్షణకాలం వేడిచేసి మెత్తబరుస్తారు. ఆ వేడి అడుగుకు పాకకూడదు. అడుగు మెత్తబడిన గొట్టం చూడటానికి బాగానే ఉంటుంది, పీడనానికి మాత్రం నిలవదు. కాబట్టి అట్టి గొట్టాన్ని మళ్లీ గట్టిపరచే ప్రయత్నం చేయక నలగగొట్టి పారవేస్తారు.

ఇదంతా తెలుసుకొనదగిన విజ్ఞానమేగాని ఇంట్లో చేయదగిన పని కాదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఆ చట్టం ‘మందుగుండు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడ చేరి ఉన్నాయి. విద్యార్థులకు ఎక్కడైనా తూటా కనబడితే దానిని ముట్టుకోక పోలీసులకు తెలియజేయాలి.

వానకాలపు చీలిక

పైన చెప్పిన లోపాలన్నీ తూటాను కాల్చిన తరువాత వచ్చేవి. అయితే మన దేశంలోని బ్రిటిషు సైన్యానికి ఎదురైన సమస్య వేరు. అసలు కాల్చని తూటాలే కొట్లలో చీలిపోయాయి. గుండు బిగించిన మెడ దగ్గర ఈ చీలికలు ఎక్కువ. అవి వానకాలంలో హెచ్చుగా కనబడినందువల్ల ఇంగ్లీషులో ఆ జబ్బుకు ‘ఋతు చీలిక’ అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. గుర్రపుశాలల దగ్గర నిలవ ఉంచిన తూటాలకు బాధ మరీ ఎక్కువ.

మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు బ్రిటిషు లోహశాస్త్రజ్ఞులు 1921 లో దీని కారణాన్ని వివరించారు. చీలడానికి మూడు పరిస్థితులు కలిసిరావాలి. మొదటిది, చీలే స్వభావం ఉన్న లోహం. తుత్తునాగం పాలు ఎక్కువైన కొద్దీ ఇత్తడిలో ఈ స్వభావం పెరుగుతుంది. రెండవది, లోహంలో దాగి ఉన్న లాగుడు, అనగా తన్యత ప్రతిబలం. గొట్టాన్ని లాగినప్పుడు, మెడను గుండుమీద బిగించినప్పుడు ఈ ప్రతిబలం లోపల నిలిచిపోతుంది. మూడవది, తేమతోను గాలితోను కూడిన అమోనియా.

గుర్రపుశాలలో అమోనియా ఎక్కడనుండి వస్తుంది? పశువుల మూత్రంలో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవులు దానిని విడగొట్టినప్పుడు అమోనియా వెలువడుతుంది. శాలలో ముక్కుకు తగిలే ఘాటు వాసన దానిదే. వానకాలంలో లోహంమీద పలుచని నీటిపొర ఏర్పడుతుంది. అమోనియా అందులో కరుగుతుంది. గాలిలోని ఆమ్లజని సాయంతో అది రాగిని కరిగించి, ముదురు నీలిరంగు గల సంక్లిష్ట అయానుగా మారుస్తుంది. తుత్తం ద్రావణంలో అమోనియా ఎక్కువగా పోసినప్పుడు ప్రయోగశాలలో కనబడే నీలం అదే.

ఈ కరగడం తలమంతటా సమంగా జరిగితే కొద్దిపాటి మచ్చ తప్ప నష్టం ఉండదు. కాని లోపల లాగుడు ఉన్నప్పుడు రేణువుల సరిహద్దులవెంట ఒక సన్నని దారి తెరచుకుంటుంది. చీలిక కొస దగ్గర ప్రతిబలం కేంద్రీకృతమవుతుంది. అక్కడ లోహం ఇంకా త్వరగా కరుగుతుంది, చీలిక ఇంకా లోతుకు పోతుంది. అమోనియా ఒక్కటే అయితే ఇంతటి పని చేయలేదు, లాగుడు ఒక్కటే అయినా చేయలేదు. రెండూ కలిసినప్పుడు గట్టి లోహం పెళుసు గాజు వలె విచ్చిపోతుంది.

పాదరసం కూడ ఇటువంటి హానినే చేస్తుంది. పూర్వం క్యాపులలో పాదరసపు ఫల్మినేటు వాడేవారు. కాల్చిన తరువాత మిగిలిన పాదరసం ఇత్తడిలోకి ఇంకి, గొట్టాన్ని పెళుసుబరచి మళ్లీ వాడడానికి పనికిరాకుండా చేసేది. ఈ దుర్గుణాన్నే శాస్త్రజ్ఞులు పరీక్షకు సాధనంగా మలచుకున్నారు. పాదరసపు లవణమైన మెర్క్యురస్ నైట్రేటు ద్రావణంలో ఇత్తడి నమూనాను ముంచితే, లోపల లాగుడు దాగి ఉన్నట్లయితే కొద్దిసేపటిలో చీలిక బయటపడుతుంది. కంటికి కనబడని దానిని కనబడజేసే పరీక్ష ఇది.

నివారణ

కారణం తెలియగానే మందు కూడ తెలిసింది. గొట్టపు మెడను కాల్చి మెత్తబరిస్తే లాగుడు పోతుంది. బలం తగ్గకూడని వస్తువులైతే వాటిని 250 నుండి 300 డిగ్రీల మధ్య సుమారు ఒక గంటసేపు ఉంచుతారు. ఆ వేడికి లోపలి ప్రతిబలం చాలవరకు సడలుతుంది, గట్టితనం మాత్రం పెద్దగా తగ్గదు. తూటాలను పొడిగా ఉన్న కొట్లలో, పశువుల శాలలకు దూరంగా ఉంచడం రెండవ జాగ్రత్త.

ఈ జాగ్రత్తలు తూటాలకు మాత్రమే చెందినవి కావు. డెల్టా గ్రామాలలో వానకాలమంతా గాలిలో తేమ ఉంటుంది. ప్రతి పశువుల కొట్టంలోను అమోనియా ఉంటుంది. సుత్తితో కొట్టి లేక తిప్పుడు యంత్రంమీద ఒత్తి చేసిన బిందె మెడలో లాగుడు నిలిచి ఉండవచ్చు. అటువంటి బిందెను కొట్టంలో బోర్లించి ఉంచితే మూడు పరిస్థితులూ ఒకచోట చేరినట్లే. తడిసిన యూరియా బస్తాల పక్కన ఇత్తడి స్ప్రేయరు భాగాలను పడవేయడం కూడ మంచిది కాదు. చింతపండుతో తోమితే ఈ భయం లేదు. అందులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న చిలుమును కరిగిస్తుందేగాని చీలికకు దారితీయదు. తోమిన తరువాత బాగా కడిగి ఆరబెట్టాలి.

గుంటూరు మిరపకూ దుగ్గిరాల పసుపుకూ ఈ ప్రాంతంలో శీతల గిడ్డంగులు ఉన్నాయి. అమోనియాతో నడిచే శీతలీకరణ యంత్రాలలో గొట్టాలూ కవాటాలూ ఉక్కువి ఉంటాయి. రాగి, ఇత్తడి భాగాలు వాడకూడదన్నది నియమం. మరమ్మతు చేసేవారు దగ్గర ఉన్నదికదా అని ఒక ఇత్తడి మర బిగిస్తే, అది ఒకనాడు చెప్పకుండా చీలి అమోనియా బయటకు రావచ్చు.

తరగతిలో చేయదగిన రెండు ప్రయోగాలు

మొదటిది లావుపాటి రాగి తీగతో చేయవచ్చు. తీగను స్పిరిటు దీపంమీద ఎర్రగా కాల్చి నీటిలో ముంచి చల్లార్చాలి. అది మెత్తగా వంగుతుంది. ఒకేచోట పదేపదే వంచితే బిగుసుకొని చేతికి ఎదురుతిరుగుతుంది. మళ్లీ కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. కొలిమి పని అంతా ఈ తీగలో ఉన్నది.

రెండవదానికి ఒకే ఇత్తడి రేకునుండి కోసిన రెండు సన్నని పట్టీలు కావాలి. ఒకదానిని విల్లువలె వంచి నైలాను దారంతో బిగించాలి. రెండవదానిని అట్లాగే వదలాలి. ఈ రెండింటిని, అడుగున కొద్దిగా అమోనియా ద్రావణం పోసిన వెడల్పు మూతి సీసాలో, ద్రావణం తగలకుండా వేలాడదీసి మూత బిగించాలి. అమోనియా కళ్లకు, ఊపిరికి హానికరం కనుక ఈ పనిని ఉపాధ్యాయుడే, గాలి ధారాళంగా వచ్చేచోట చేయాలి. కొద్ది రోజులలో రెండు పట్టీలూ నల్లబడవచ్చు. వంచిన పట్టీ వెలుపలి వంపుమీద చీలిక కనబడితే, రెండవది నిలిచి ఉంటే, 1921 నాటి వివరణ విద్యార్థుల కళ్లయెదుట రుజువైనట్లే.

ఇత్తడి వస్తువు మంచిదో కాదో దాని మెరుపునుబట్టి తెలియదు. ఎన్నిసార్లు సాగినది, ఎక్కడ కాలినది, ఎటువంటి గాలిలో నిలవ ఉన్నది అన్న చరిత్రే దాని బలాన్ని నిర్ణయిస్తుంది. తూటా గొట్టాన్ని ఏరేవాడైనా, కవాటాన్ని బిగించే మిస్త్రీ అయినా, బిందెను అటకమీద పెట్టే గృహిణి అయినా ముందుగా విచారించవలసింది ఆ చరిత్రనే.